ట్యాంకుకి ఉత్తరం వైపు

టోర్వాల్‌లో ఎవరింటికైనా వెళ్లి, పెట్టినదాన్ని మొదటిసారికే తీసుకుని తిన్నారంటే మీ పరువు ఆ పూటతో సరి. "కాఫీ తాగుతారా?" అంటే "అబ్బే, ఇప్పుడే తాగి వచ్చానండీ" అనాలి. "ఒక్క గుక్కే" అంటే "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి కప్పు తెచ్చి ముందు పెట్టేస్తే అప్పుడు, "మీరింతగా అంటుంటే కాదనడం ఏం బాగుంటుంది" అని తాగాలి. ఇదేమీ రాసిపెట్టిన చట్టం కాదు. నార్వే నుంచి పడవల్లో అమెరికా వచ్చిన ముత్తాతలు విత్తనపు బంగాళాదుంపలతో పాటు మూటగట్టి తెచ్చుకున్న మొహమాటం. మూడోసారి కూడా వద్దన్నాడంటే ఆ మనిషి నిజంగానే వద్దంటున్నాడన్నమాట. ఊళ్లో అంతదాకా ఎవరూ రారు. వచ్చినవాళ్లు చర్చిలో చెరో పక్కా కూర్చుంటారు, ఒకరి పిల్లల పెళ్లిళ్లకి ఒకరు పోరు.

మార్లిస్ బ్రెక్కీకి ఈ మర్యాద ఉగ్గుపాలతో వచ్చింది. మేయర్ పదవిని కూడా రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకుంది. అయినా ఆ పదవిలో ఏం వైభోగముందని! పక్కింటి కుక్క మొరుగుతోందని ఒకరు, మంచు తీసే బండి మా వీధికి ఆఖర్న వచ్చిందని ఇంకొకరు, ఫోను చేసి సణగడానికి ఓ మనిషి కావాలి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఇల్లు ఖాళీ, ఈమైతే తీరిగ్గా వింటుందిలే అనుకున్నారు జనం. ఆమె ఒప్పుకున్న కారణం మాత్రం వేరు.

ఆమె భర్త ఆరిన్ ఊరికి ఉత్తరానున్న తమ పొలంలోనే పోయాడు. మొక్కజొన్న కోసే యంత్రం ముందు భాగంలో ఏదో ఇరుక్కుంటే కిందికి దూరి లాగుతున్నాడు, అది దిగి కాళ్ల మీద పడింది. వెంటనే పోలేదు, అదే ఘోరం. చేతిలో ఫోనుంది, ఒంట్లో ప్రాణముంది, టోర్వాల్ చుట్టుపక్కల సిగ్నలే లేదు. తమ్ముడు డెల్మార్ వెతుక్కుంటూ వెళ్లేసరికి పొద్దు వాలిపోయింది. ఆ ఫోనులో పైనుంచి కింది దాకా ఒకటే పేరు, మార్లిస్, మార్లిస్, మార్లిస్. ఒక్కటీ కలవలేదు. ఆ మధ్యాహ్నమంతా మార్లిస్ వంటింట్లో రేడియో వింటూ, ఈయన ఇంకా భోజనానికి రాడేమిటని విసుక్కుంటూ గడిపింది.

ఇప్పుడా పొలం డెల్మార్ చేస్తున్నాడు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, ఊరికి నీళ్లిచ్చే పని కూడా అతనిదే. పొద్దున్నే పంపుహౌసు చూసుకుని, ఆ తర్వాత పొలానికి పోతాడు. అన్న పోయిన చోటే, అన్న యంత్రం మీదే, అన్నలాగే ఒంటరిగా. ఈ భూమ్మీద మార్లిస్‌కి తనవాడంటూ మిగిలింది ఆ మరిది ఒక్కడే. అతను పొలంలో ఉన్నంతసేపూ ఆమెకి భయమే. అతనికా మాట చెప్పిందా? చెప్పలేదు. టోర్వాల్‌లో అలాంటివి చెప్పుకోరు. ఉత్తరపు పొలానికి సిగ్నలు తెప్పించాలి, ఇతణ్నయినా దక్కించుకోవాలి. అందుకే మేయరైంది. ఫోను కంపెనీకి అదేపనిగా ఉత్తరాలు రాసింది, సభల్లో నిలబడి అడిగింది. చివరికి వాళ్లు, చుట్టుపక్కల మీ నీళ్ల ట్యాంకుని మించిన ఎత్తు ఏదీ లేదు కాబట్టి దానికే యాంటెన్నాలు బిగిస్తామని ఒప్పుకున్నారు.

అక్టోబరులో కంపెనీ మనిషి వచ్చాడు. పేరు ట్రెంట్ కాల్వర్ట్. జార్జియా వాడు, నార్త్ డకోటా గాలికి అప్పుడే చేతులు రుద్దుకుంటున్నాడు. మార్లిస్ డెల్మార్‌ని కూడా పిలిచి వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. బంగాళాదుంప పిండితో పల్చగా కాల్చి, వెన్న రాసి, చక్కెర చల్లి చుట్టిన లెఫ్సాలు పళ్లెం నిండా పెట్టింది.

"ఒకటి తీసుకోండి," అంది.

"ఓ, థాంక్యూ అమ్మా!" అంటూ ట్రెంట్ రెండు తీసుకున్నాడు.

డెల్మార్ కళ్లు దించుకున్నాడు. మార్లిస్ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు గానీ, పాపం వీళ్లమ్మ నేర్పలేదు కాబోలు అనుకుంది. ఆ అనుకున్నదేదో ఇంకాసేపు గుర్తుపెట్టుకుని ఉంటే కొంప మునిగేది కాదు.

ట్రెంట్ చక్కెర గిన్నెని బల్ల మధ్యకి లాగాడు. "ఇదిగో, ఇది మీ ట్యాంకు అనుకోండి. ఒంటి స్తంభం మీద పెద్ద ఇనుప గుండు. యాంటెన్నా నిలబడాలంటే దీనికి పట్టు కావాలి. పైనున్న రెయిలింగుకి కడదామంటే అది మనిషి పట్టుకోడానికి వేసింది, మీ గాలికి యాంటెన్నాతో సహా ఊడొస్తుంది. అయస్కాంతాలతో నిలబెట్టేవి ఉన్నాయి, కానీ మీ ట్యాంకుకి రంగు పొరల మీద పొరలున్నాయి, పట్టు చాలదని మా ఇంజినీర్లు ఒప్పుకోవట్లేదు. ఇంక జిగురు. ఇనుప పలకల్ని జిగురుతో అంటించి, వాటికి బోల్టులేస్తాం. ట్యాంకుకి ఏ హానీ ఉండదు. కాకపోతే ఇనుము వెచ్చగా ఉంటేనే జిగురు గట్టిపడుతుంది. ఈ చలికి పడదు."

"మరెలా?" అంది మార్లిస్.

"వెల్డింగు. ఇనుప దిమ్మల్ని ట్యాంకుకే అతికించేస్తాం. చలితో పని లేదు. వారం తిరక్కుండా దిగిపోతాం."

"లోపల నీళ్లుంటాయి," అన్నాడు డెల్మార్. అదే అతను మొదటిసారి నోరు విప్పడం.

"ఉంటాయి."

"నీళ్లకీ ఇనుముకీ మధ్య రంగుంటుంది. బయట మంట పెడితే లోపలది మాడుతుంది కదా."

"మాడుతుందండీ, అబద్ధం ఎందుకు. పద్ధతి ప్రకారమైతే ట్యాంకు ఖాళీ చేసి, వెల్డింగు చేసి, లోపల గీకి మళ్లీ రంగేయాలి. దానికీ వెచ్చదనం కావాలి. అంటే వచ్చే వేసవి." ట్రెంట్ ఇంకో లెఫ్సా అందుకున్నాడు. "నన్నడిగితే ఆగమనే అంటాను. కానీ మీ ఊరు ఈ ఏడాది పనుల్లో ఉంది. ఏడాది దాటిందంటే మళ్లీ ఎప్పుడొస్తుందో నేను మాటివ్వలేను. కొన్ని ఊళ్లవాళ్లు ముందు కానిచ్చేసి, లోపల తర్వాత బాగుచేయించుకుంటారు."

డెల్మార్ కప్పులోకి చూస్తూ, "ఏమో మరి, వేసవి దాకా ఆగితే బాగుంటుందేమో," అన్నాడు.

టోర్వాల్ మగాడు "బాగుంటుందేమో" అన్నాడంటే, ఇంకో ఊరివాడు బల్ల గుద్ది "కుదరదంటే కుదరదు" అని అరిచినట్టు. మార్లిస్‌కి ఆ సంగతి తెలియదా? బాగా తెలుసు. తెలిసీ తెలియనట్టు, "చూద్దాంలే," అని కాఫీ పోయడానికి లేచింది.

"ఇంకొక్క మాటమ్మా," అన్నాడు ట్రెంట్. "మా ప్లానులో రెండు యాంటెన్నాలే ఉన్నాయి. రెండూ దక్షిణాన హైవేకే, లారీలెక్కువ కదా. యాంటెన్నా ఎటు తిరిగుంటే సిగ్నలు అటే. ఉత్తరానికి మూడోది కూడా కావాలంటే నేను రాసి పెట్టిస్తాను, నా మాట కాదనరు. కావాలా?"

మార్లిస్ కాఫీ పోయడం ఆపింది. తను మేయరైంది ఆ ఉత్తరం వైపు కోసమే. కానీ ఉత్తరానున్నది బ్రెక్కీల పొలం. మేయరమ్మ ఊరి ట్యాంకుని అడ్డం పెట్టుకుని సొంత పొలానికి సిగ్నలు వేయించుకుందని రేపు ఆర్డిస్ కాఫీ హోటల్లో అనుకోరూ? పైగా అడగ్గానే ఎగిరి గంతేసినట్టు కావాలంటే ఏం మర్యాద? ఆమె ఆలోచించేలోపే నోరు దాని పని అది చేసేసింది.

"అయ్యో, మాకోసం ప్రత్యేకంగా ఎందుకండీ. అటు ఉన్నవి పొలాలేగా."

"అక్కర్లేదంటారా?"

"మీకెందుకు శ్రమ."

అని, కాఫీ గిన్నె చేత్తో పట్టుకుని, మూడోసారి కోసం నిలబడింది. బల్ల దగ్గర డెల్మార్ కూడా తలెత్తి ఎదురుచూశాడు.

"సరేనమ్మా, మీ ఇష్టం," అన్నాడు ట్రెంట్. కాగితాలు సర్దుకుని, లెఫ్సా బ్రహ్మాండం, మా ఆవిడకి చెప్పాలి అంటూ చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

అప్పుడైనా వెనకాలే పరిగెత్తి "బాబూ, కావాలి" అనొచ్చు కదా! అనలేదు. పని మొదలెట్టే ముందు మళ్లీ అడుగుతాడులే, మనిషన్నవాడు అడక్కుండా ఉంటాడా అనుకుంది. అరవై ఏళ్లు దాటిన మనిషి, ఊరిని ఏలుతున్న మనిషి, అలా అనుకుంది.

డెల్మార్ వాకిట్లో తన పికప్ బండికి ఆనుకుని నిలబడ్డాడు. ఇంటికి పోయే మనిషి పోకుండా నిలబడ్డాడంటే చెప్పాల్సింది ఉందన్నమాట.

"వదినా, ఆ రంగు మాడితే శీతాకాలం ఊరుకోదు. లోపల మంచు గడ్డ కడుతుంది. ఆ గడ్డ పైకీ కిందికీ కదిలేటప్పుడు మాడినచోట పట్టుకుని లాగేస్తుంది. పిల్లలు తాగే నీళ్లు."

"బాగుచేయిద్దాంలేవయ్యా. వేసవి రానీ."

"ఆ వెల్డింగే వేసవికి చేయొచ్చుగా."

"ఏడాది దాటితే రారని అతనే చెప్పాడు కదా. విన్లేదా?"

"విన్నాను. ఇన్నాళ్లూ లేకుండా గడిచింది. ఇంకో శీతాకాలం ఆగితే పోయేదేముంది?"

పోయేదేముందట! ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఎవరి కోసం ఇంత తాపత్రయ పడుతోందో వాడే వచ్చి పోయేదేముందంటున్నాడు. నువ్వు పోతావురా పిచ్చివాడా అని ఆ మొహం మీదే అరవాలనిపించింది. ఆ మాట అరిచి ఉన్నా బాగుండేది. నోటికొచ్చింది మాత్రం ఇంకోటి.

"మీ అన్నయ్య కూడా ఆగాడు. చీకటి పడేదాకా ఆగాడు, నువ్వొస్తావని."

డెల్మార్ మొహం పాలిపోయింది. అన్న చేతిలోంచి ఆ ఫోను తీసింది అతనే. ఆ రోజు పట్నంలో పంపు సామాను కోసం ఆలస్యమైందీ అతనికే. కాసేపు బండి అద్దం మీద దుమ్ము తుడిచినట్టు తుడుస్తూ నిలబడ్డాడు.

"సరే వదినా. నీ ఇష్టం," అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ మాట వెనక్కి తీసుకుందామని ఆమెకి తర్వాత ఎన్నిసార్లు అనిపించిందో! ఓ గిన్నెలో వేడివేడిగా కూర వండుకుని అతని గడప దాకా తీసుకెళ్లింది కూడా. అతను రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకున్నాడు. ఆ గిన్నె చేతులు మారడంతో ఊరి లెక్క ప్రకారం క్షమాపణ అయిపోయినట్టే. నిజంగా అయిందో లేదో ఒకర్నొకరు అడగలేదు.

నెలాఖరుకి పనివాళ్లు దిగారు. తాళ్లు కట్టుకుని ట్యాంకు పైనుంచి వేలాడుతూ వెల్డింగు చేస్తుంటే, ఆర్డిస్ హోటల్లో కాఫీ ఎవరు ఇప్పించాలో పాచికలేసి తేల్చుకునే రైతులంతా కిటికీ దగ్గర చేరారు.

"ఏమే మార్లిస్, జూలైలో స్వాతంత్ర్య దినానికి కాల్చే బాణాసంచా ఇప్పుడే కాలుస్తున్నావేంటి?" అంది ఆర్డిస్ కాఫీ పోస్తూ.

"నా బతుకు అయిపోయింది," అన్నాడు కౌన్సిల్లో ఉండే హాల్వర్ స్టెన్‌బర్గ్. "పొలంలోనైనా కాస్త ప్రశాంతంగా ఉండేవాణ్ని. ఇంక ట్రాక్టరు మీదికి కూడా ఫోను చేసి పాలు తెమ్మంటుంది మా ఆవిడ."

"నీ మొహానికి ఫోనొకటా! ఎదురుగా నిలబడి చెప్పినా పాలు మర్చిపోతావు," అంది ఆర్డిస్. అందరూ నవ్వారు. మార్లిస్ కూడా నవ్వింది. అంత మనసారా నవ్వి చాలా కాలమైంది. బయట స్తంభం కింద డెల్మార్ ఒక్కడే నిలబడి పైకి చూస్తున్నాడు. మాడిన రంగు వాసన వీధి దాకా వస్తోంది.

పని పూర్తయిన రోజు ఆమె ట్యాంకు చుట్టూ నడిచి చూసింది. హైవే వైపు అటొకటి ఇటొకటి, తెల్లటి పొడుగాటి పెట్టెలు బోల్టులతో బిగించి ఉన్నాయి. ఉత్తరం వైపుకి వచ్చి తలెత్తింది. నున్నటి ఇనుప గుండు, మీద ఊరి పేరు, అంతే. ఒక్క దిమ్మ కూడా లేదు. 

ట్రెంట్ తాళ్లు బండిలో వేయిస్తున్నాడు. గబగబా అతని దగ్గరికి వెళ్లింది.

"ఇటువైపుది ఎప్పుడు బిగిస్తారు?"

"ఎటువైపమ్మా?"

"ఉత్తరం. మూడోది."

ట్రెంట్ అయోమయంగా చూశాడు. "మీరే కదమ్మా వద్దన్నది. మీ వంటింట్లో. నేను అడిగాను కూడా."

"రెండుసార్లే కదా అడిగావు!"

ఆ మాట బయటికొచ్చాక అదెంత అధ్వాన్నంగా ఉందో ఆమెకే వినపడింది. ట్రెంట్ వెక్కిరించలేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"ఎన్నిసార్లు అడగాలమ్మా?"

 అతను పాపం, మంచివాడే. ప్లాను మూసేశారు, దిమ్మలూ లేవు, మనుషులు రేపు ఇంకో ఊళ్లో ఉండాలి, వచ్చే ఏడాది అడిగి చూస్తానని ఏదేదో సర్దిచెప్పి వెళ్లాడు.

సిగ్నలు వచ్చిన రోజు ఊరు ఊరంతా పండగ. ఎదురెదురు ఇళ్లవాళ్లు కిటికీల్లోంచి ఒకళ్లకొకళ్లు ఫోన్లు చేసుకున్నారు. ఆర్డిస్ వంటింట్లోంచి హోటల్లోకే ఫోను చేసి "ఆర్డరేంటి?" అంది. మార్లిస్ మాత్రం కారు తీసుకుని ఉత్తరానికి పోయింది. ఊరు దాటి మిట్టెక్కేదాకా ఫోనులో సిగ్నలు గీతలున్నాయి. మిట్ట దిగగానే ఒకటొకటే పోయాయి. పొలం దగ్గర దిగి, మొక్కజొన్న మోళ్ల మధ్య మంచులో ఆరిన్ పడిన చోటికి నడిచి, ఫోను పైకెత్తి పట్టుకుంది. ఏమీ లేదు. కసిగా డెల్మార్ నంబరు నొక్కింది. కలవలేదు. నేనేం చేశాను, నేనేం చేశాను అని పైకే అనుకుంది. వినేవాళ్లెవరూ లేరు కాబట్టి కాస్త ఏడ్చింది కూడా.

డెల్మార్‌కి చెప్పలేదు. అతను రోజూ ఆ పొలానికి పోయే మనిషి, అతనికి తెలియకుండా ఉంటుందా? అతనూ ఏమీ అనలేదు. ఇద్దరూ కలిసినప్పుడల్లా చలి గురించి మాట్లాడుకున్నారు.

డెల్మార్ చెప్పినట్టే శీతాకాలం ఊరుకోలేదు. మార్చిలో మంచు కరగడం మొదలవగానే ఆర్డిస్ సింకులో నల్లటి పొరలు పడ్డాయి. మర్నాటికి బళ్లో కొళాయి నీళ్లు ఎర్రగా వచ్చాయి. కాఫీ కాస్తే కాలిన వాసన. రాష్ట్రం నుంచి మనుషులొచ్చి, నీళ్లు సీసాల్లో పట్టుకుని పోయి, తాగొద్దు, పసిపిల్లలకి స్నానం కూడా చేయించొద్దు అని చెప్పారు. ట్యాంకు ఖాళీ చేసి, లోపలంతా గీకి, కొత్తగా రంగేసేదాకా లారీల్లో నీళ్లు. లారీ దగ్గర బకెట్లతో వరసలో నిలబడ్డ జనం ఆ కొత్త ఫోన్లలోనే మార్లిస్‌కి ఫోను చేసి తిట్టారు. గీతలు నిండా ఉన్నాయి మరి, ఒక్క తిట్టు కూడా తెగిపోకుండా వినపడింది.

ఫైరింజన్ల షెడ్డులో సభ పెట్టారు. పాచికలాడుకునే హాల్వరే లేచి నిలబడ్డాడు. ఈసారి నవ్వించడానికి కాదు.

"డెల్మార్, ట్యాంకు నీ చేతిలోది. లోపల మాడుతుందని నీకు తెలుసా తెలీదా?"

"తెలుసు."

"మరి వద్దని చెప్పలేదా?"

డెల్మార్ మార్లిస్ వైపు చూశాడు. ఆమె బల్ల వెనక మేయర్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆ చూపులో నిందేమీ లేదు. ఇప్పుడు నీ వంతు అన్నట్టు చూశాడు, అంతే. ఆమె ఒక్క మాటంటే చాలు. 'చెప్పాడు, నేనే వినలేదు.' అంతే మాట.

అనలేదు. దానికీ ఓ లెక్కేసుకుంది మహాతల్లి. వేసవిలో ఎలాగూ ట్యాంకు ఖాళీ చేస్తారు. లోపల రంగు ఎలాగూ గీకుతారు. అప్పుడైతే ఉత్తరం వైపుది ఏ హానీ లేకుండా పద్ధతిగా వెల్డింగు చేయించుకోవచ్చు. కానీ దానికి కంపెనీతో మాట్లాడాలి, సంతకాలు పెట్టాలి, తను ఈ కుర్చీలో ఉండాలి. ఈ ఒక్క వేసవీ ఉంటే చాలు, డెల్మార్ పొలానికి సిగ్నలొస్తుంది. ఆ తర్వాత అందరిముందూ అంతా చెప్పేస్తా అనుకుంది. నోరు మూసుకుంది.

"గట్టిగా చెప్పాల్సింది," అన్నాడు డెల్మార్ చివరికి. "చెప్పలేదు. నేను తప్పుకుంటాను."

మామూలుగా అయితే, "అబ్బే, అదేం మాట" అని నలుగురూ అనాలి. అతను మళ్లీ అంటే మళ్లీ అనాలి. అందరూ మార్లిస్ వైపు చూశారు, వదిన కదా, ముందు ఆవిడ అననీ అని. ఆమె తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది. ఇనుప కుర్చీలు కిర్రుమంటున్నాయి.

"అయితే సరే," అన్నాడు హాల్వర్.

పాతికేళ్లు ఆ ఊరికి నీళ్లిచ్చిన మనిషిని మొదటి మాటకే పొమ్మన్నారు. టోర్వాల్ చరిత్రలో అలా ఎప్పుడూ జరగలేదు. డెల్మార్ పంపుహౌసు తాళాలు తీసి బల్ల మీద, సరిగ్గా ఆమె ముందు పెట్టి, టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె ట్రెంట్‌కి ఫోను చేసింది. ఈసారి మొహమాటం లేదు, "నాకు ఉత్తరం వైపు కావాలి" అని మొదటి మాటే అదంది. బతిమాలింది. ట్రెంట్ నిట్టూర్చాడు. "అమ్మా, మీ ట్యాంకు పేరెత్తితేనే మావాళ్లు లాయర్లని పిలుస్తున్నారు. ఉన్నవాటినే తీసేసి హైవే పక్కన సొంత స్తంభం వేసుకుంటారట. అప్పుడు ఒక్కసారి ఊఁ అని ఉంటే..." అని ఆగిపోయాడు. మిగతాది ఆమెకి చెప్పక్కర్లేదు.

మే నెలలో పొలాలు ఆరాయి. డెల్మార్ విత్తనాలేస్తున్నాడని తెలిసి, మార్లిస్ పొద్దున్నే లేచి, సీసా నీళ్లతో పిండి కలిపి లెఫ్సాలు చేసింది. అతనికిష్టమని చక్కెర కాస్త ఎక్కువే చల్లింది. డబ్బాలో సర్దుకుని, మిట్ట దాటి, ఫోనులో గీతలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే చూస్తూ పొలం గట్టు దగ్గర కారాపింది.

అతను ట్రాక్టరు ఆపి దిగి వచ్చాడు. సభ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి. మొహం చిక్కిపోయి ఉంది.

"నేల బాగా ఆరిందా?" అంది.

"పర్లేదు."

"డెల్మార్, నేను ఆ రోజు చెప్పాల్సింది. సభలో."

"ఊఁ."

"ఇదంతా దేనికి చేశానో తెలుసా నీకు? నువ్వు ఇక్కడ ఒక్కడివే ఉంటావని. మీ అన్నయ్యలా..."  బతుకులో మొదటిసారి ఆ మాట పైకి అంది. అన్నా ఏం లాభం, ఎప్పుడనాలో అప్పుడు అనలేదు.

డెల్మార్ దూరంగా ట్యాంకు వైపు చూశాడు. అక్కణ్నుంచి దాని ఉత్తరపు మొహమే కనపడుతుంది.

"తెలుసు వదినా. అతను అడిగినప్పుడు నేనూ బల్ల దగ్గరే ఉన్నాను కదా. మూడోసారి అడుగుతాడని నేనూ చూశాను." చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. "అది కాదు. తాళాలు నీ ముందే పెట్టాను. ఒక్కసారి వద్దంటావేమోనని తలుపు దగ్గర టోపీ సర్దుకుంటూ నిలబడ్డాను. నువ్వు చూళ్లేదు."

ఆమె కార్లోంచి డబ్బా తెచ్చింది. డబ్బా మూత తీసి చాచింది.

"లెఫ్సా చేశాను. తిను."

"వద్దులే వదినా. ఇప్పుడే తిన్నాను."

"ఒక్కటి తీసుకో. పొద్దున్నే చేశాను."

"నీకెందుకు శ్రమ."

ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంకొక్కసారి. డబ్బా తీసుకెళ్లి అతని చేతికి తగిలేలా పెట్టింది.

"నా కోసం తీసుకో, డెల్మార్."

అతను ఆ లెఫ్సాల వైపు చూశాడు, తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు. గొంతు కూడా పెంచలేదు.

"వద్దు," అన్నాడు.

వెనక్కి తిరిగి వెళ్లి ట్రాక్టరెక్కాడు. యంత్రం కదిలింది, నల్లటి నేల మీద దుమ్ము లేపుకుంటూ ఉత్తరానికి పోయింది. మార్లిస్ డబ్బా మూతపెట్టి కార్లో కూర్చుంది. తాళంచెవి తిప్పబోయి ఫోను వైపు చూసింది. ఒక్క గీతా లేదు. అతనికేమన్నా అయితే పిలవడానికి ఎవరున్నారు ఇక్కడ? చెయ్యి వెనక్కి తీసుకుంది. ట్రాక్టరు ఆ చివరిదాకా వెళ్లి, మళ్లీ ఇటు తిరిగి, కారు పక్కనుంచే పోయింది. అతను ఇటు చూడలేదు. పొద్దు వాలి అతను బండెక్కి ఇంటికి పోయేదాకా ఆమె అక్కడే కూర్చుంది.

మర్నాడు కూడా వచ్చింది, ఆ తర్వాతి రోజూ వచ్చింది. తినడానికి మాత్రం ఏమీ తేలేదు.